నా ముంజేతి మీద గడప లేని ఇల్లు

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూ వస్తూ గవర్నర్‌పేటలో దిగి, ఒక లాడ్జి పక్కన మేడమీదున్న షాపులో మణికట్టు మీద పచ్చబొట్టు వేయించుకుని వచ్చింది. వాళ్ళ భాషలో టాటూ. సన్నటి తీగ, తీగ చివర మూడు చుక్కలు, దాని మీద మెరిసే ప్లాస్టిక్ పొర. ఎలా ఉందో చెప్పమని చెయ్యి చాపితే, నేను ముందుగా అడిగింది ఆ మూడు చుక్కలకీ అర్థమేమిటని. అర్థమేమీ లేదనీ, ఫోనులో చూసి నచ్చిందని వేయించుకున్నాననీ చెప్పి, నా కుడి ముంజేతి వంక చూసి, మరి నీదానికేంటి అర్థం అమ్మమ్మా అంది. నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయి వంటింట్లోంచి, "అమ్మా, ఇప్పుడా పురాణం మొదలుపెట్టమాకే, అది భయపడుద్ది" అని కేకేసింది. సొంత కూతురే నా నోరు మూయించిన సంగతి నేను మరిచిపోనులెండి. అక్కడ చెప్పనివ్వలేదు కనుక ఇక్కడ చెబుతున్నాను. నా ఈడువాళ్ళు చదివితే చాలు.

మాది ఉయ్యూరు దగ్గర చెరుకు పండించే ఊరు. మా నాయనమ్మ చేతులు రెండూ మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్లతో నిండి ఉండేవి. మధ్యాహ్నం వేళ ఆవిడ నడుం వాలిస్తే పక్కన చేరి, ఒక్కొక్క బొమ్మ మీదా వేలు పెట్టి ఇదేంటి అదేంటి అని అడగడం నాకు అలవాటు. రెండు అడ్డగీతల మధ్య చుక్కల వరస ఉంటే అది గడప, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది, ఆడదానికి రెండూ చల్లగా ఉండాలని. జడ సీతమ్మవారిది, ఎన్ని కష్టాలొచ్చినా కాపురం విడిపోకూడదని. తేలు బొమ్మ ఉంటే నిజం తేలు కుట్టినా విషం ఎక్కదట, పైగా తేలు తన పిల్లల్ని వీపున మోస్తుంది కాబట్టి కడుపు పండుతుందట. గడ్డం మీది చుక్క దిష్టికి. ఇవన్నీ ఇలాగే అని ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు, వాళ్ళ అమ్మ చెప్పి ఉంటుంది.

అసలు ఈ ఆచారం ఎందుకొచ్చిందంటే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పేవారు. పోయినప్పుడు మెడలోవీ చేతులవీ అన్నీ తీసేసుకుని పంపిస్తారు, వెంట వచ్చే నగ పచ్చబొట్టు ఒక్కటే, అది కూడా లేని ఆడదాన్ని యమభటులు రోకళ్ళతో పొడుస్తారు అనేది నాయనమ్మ. అదేమీ కాదు, తిరునాళ్ళలో తప్పిపోయినా, ఉప్పెనలో కొట్టుకుపోయినా, ఫలానా ఇంటి ఆడపిల్ల అని గుర్తుపట్టడానికి పెద్దవాళ్ళు చేసుకున్న ఏర్పాటు అనేది మా అమ్మ. నా భయం పోగొడదామనే అమ్మ అలా చెప్పింది కానీ, నాకు రోకళ్ళకంటే ఉప్పెనే ఎక్కువ భయమైంది. ఎందుకంటే అమ్మ బెజవాడలో బడిపంతులుగారి కూతురు, ఆవిడ ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేదు. కొట్టుకుపోతే ఎవరు గుర్తుపడతారు?

మా మేనత్తది అదే వీధి. ఒంటి మీద గీతయినా లేని కోడలు పోసే నీళ్ళు పెద్దలకి ముట్టవని, అమ్మ వింటూ ఉండగానే, గోడకి చెప్పినట్టు చెప్పేది. అమ్మ నవ్వి ఊరుకునేది. నేను మాత్రం ఊరుకోలేదు, ఆ మాటలన్నీ ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు అమ్మకి కడుపులో గడ్డ ఉందని, ఆపరేషన్ చెయ్యాలని బెజవాడ ఆసుపత్రిలో చేర్చారు. నాన్న అక్కడే ఉండిపోయారు. వెళ్ళేటప్పుడు అమ్మ బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపితే, నేను ఆ బోసి చెయ్యి వంకే చూస్తూ నిలబడ్డాను.

ఆ రోజుల్లోనే మా అత్త తన కూతురికి వేయించాలని పచ్చబొట్లు పొడిచే ఆవిడని పిలిపించింది. దీపం మసిలో ఆకు పసరు కలిపి, గుత్తిగా కట్టిన సూదులు అందులో ముంచి, పిల్ల చెయ్యి కదలకుండా తన మోకాలి కింద అదిమిపెట్టి పొడుస్తోంది ఆవిడ. నేను స్తంభానికి ఆనుకుని అమ్మ కోసం ఏడుస్తున్నాను. "దానికీ ఏదో ఒకటి పొడువు, ఏడుపన్నా మానుద్ది" అంది మా అత్త. ఈ మాట తను అననేలేదని ఆ తర్వాత బతికినన్నాళ్ళూ వాదించింది. అంది. నేను విన్నాను.

అత్త కూతుర్ని తీసుకుని లోపలికి వెళ్ళాక, ఏం కావాలని ఆవిడ అడిగితే, నాయనమ్మ మణికట్టు దగ్గరున్న ఒక బొమ్మ నాకు గుర్తొచ్చింది. చిన్న ఇల్లు, ఇంట్లో ఒక చుక్క. దాని అర్థం ఎప్పుడడిగినా నాయనమ్మ మాట మార్చేసేది. నాకయితే చూడగానే తెలిసిపోయింది, ఇంట్లో అమ్మ ఉన్నట్టు. అది నా చేతి మీద ఉంటే అమ్మ ఇంటికొచ్చేస్తుందనుకున్నాను. నేల మీద వేలితో గీసి చూపించాను. సూదులు దిగుతుంటే పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

సాయంత్రం పసుపు రాయడానికి నా చెయ్యి పట్టుకున్న నాయనమ్మ, చూసి, పసుపు గిన్నె కింద పెట్టేసింది. అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఏమిటంటే, నాయనమ్మ మా తాతయ్యకి రెండో పెళ్ళాం. మొదటావిడ పురిట్లో పోయింది. పోయినావిడ పేరున నాయనమ్మ మెడలో సవతి బిళ్ళ కట్టారు, అది అందరిళ్ళల్లో ఉన్నదే. మా ఇంట్లో అది చాలక, పోయినావిడకి చేతి మీద ఒక ఇల్లు కూడా కట్టించారు. లోపలి చుక్క ఆవిడ. ఆ ఇంటికి కావాలనే గడప గీయరు, ఆవిడ దాటి బయటికి రాకూడదని.

మా అత్త గుండెలు బాదుకుంది. "అమ్మో అమ్మో! తల్లి ఆసుపత్రిలో ఉంటే ఇది చేతి మీద సమాధి కట్టించుకుందే! తల్లిని మింగడానికే పుట్టింది!" వీధి వీధంతా వచ్చి నా చెయ్యి చూసి వెళ్ళారు.

ఆ తర్వాత నేను పడ్డ భయం ఎలాంటిదో చెప్పడం చాతకాదు. ఇటుక పొడితో రుద్దాను, సున్నం పెట్టాను, కాలవలో చెయ్యి నానబెట్టాను. చర్మం ఊడింది కానీ ఇల్లు పోలేదు. ఆ చుక్కని తేరిపార చూస్తే అమ్మ మొహంలా ఉండేది, బయటికి రావడానికి దారి లేక లోపలే తిరుగుతున్నట్టుండేది. బస్సు హారన్ వినపడితే చాలు, కబురొచ్చిందేమోనని గడ్డివాము వెనక్కి పరిగెత్తేదాన్ని. చివరికి పొయ్యిలోంచి బొగ్గు తీసి ఆ ఇంటి కింద ఒక గీత గీసి, చుక్కలు పెట్టి, గడప కట్టాను. స్నానం చేస్తే పోయేది. మళ్ళీ కట్టేదాన్ని.

అమ్మ బతికి వచ్చింది. సన్నబడి, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. నా చేతి మీద రోజూ బొగ్గు గీత చూసి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగితే అంతా చెప్పేశాను. తిట్టలేదు. చెరుకు నరుకుళ్ళయ్యాక పచ్చబొట్లావిడ మళ్ళీ మా వీధిలోకి వచ్చినప్పుడు, మా అత్త అరుగు మీద ఉండగా, అమ్మ వెళ్ళి ఆవిడ ముందు కూర్చుని చెయ్యి చాపింది. నా చెయ్యి పక్కన పెట్టి, అచ్చం ఇలాగే వెయ్యి, గడప పెట్టొద్దు అంది.

"నీకు మతిగాని పోయిందా?" అని మా అత్త లేచింది.

"అత్తయ్యగారి చేతి మీద ఇన్నేళ్ళబట్టీ ఉంది కదండీ, ఆవిడకేమయ్యింది? ఇదిగో, నేనూ వేయించుకుంటున్నా. బతికే ఉన్నాగా వదినగారూ? ఇంక మా పిల్లనేమీ అనమాకండి."

సూదులకి అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా భయం తీరిపోయిందనే అమ్మ అనుకుంది. నాకు మాత్రం ఆ రోజుతో భయం రెట్టింపైంది. అదివరకు గుర్తు నా ఒక్క చేతి మీదే, ఇప్పుడు అమ్మ చేతి మీద కూడా. అది చెబితే అమ్మ పడ్డ నొప్పంతా వృథా అవుతుందని ఏనాడూ చెప్పలేదు. పెళ్ళై బెజవాడ వచ్చాక, ఊరి నుంచి ఎవరైనా వస్తున్నారంటే ముందు వాళ్ళ మొహాలు చూసేదాన్ని. ఇంట్లోకి ఫోను వచ్చాక, అది మోగినప్పుడల్లా ఎడమచేత్తో కుడిచెయ్యి మూసుకుని ఎత్తేదాన్ని.

అమ్మ ఎనభై దాటి, మనవల పెళ్ళిళ్ళు చూసి, ఒక పూట అన్నం తిని పడుకుని పోయింది. ఒళ్ళు కడుగుతుంటే ఆ ఇల్లు నీళ్ళల్లో ఇంకా నల్లగా కనిపించింది. అమ్మకంటే పెద్దదైన మా అత్త, ఇద్దరు పట్టుకుంటే వచ్చి కుర్చీలో కూర్చుని, ఆ చెయ్యి చూసి, "నేనానాడే చెప్పా" అంది. అన్నేళ్ళ తర్వాత! శవం దగ్గర గొడవెందుకని అందరూ నన్ను పక్కకి లాక్కుపోయారు కానీ, లేకపోతే ఆ రోజే తేల్చేసేదాన్ని.

ఇప్పుడు మా అత్త కూడా లేదు. ఊళ్ళో పచ్చబొట్లు పొడిచేవాళ్ళు రావడం ఎప్పుడో మానేశారు. ఏ గుర్తు శుభమో ఏది కాదో చెప్పి దడిపించే ఆడవాళ్ళు అరుగుల మీద లేరు, అరుగులూ లేవు. పిల్లలు నచ్చిన గీత వేయించుకుని హాయిగా తిరుగుతున్నారు, వాళ్ళ భయాలేవో వాళ్ళకుంటాయి, ఇది మాత్రం లేదు. మంచిదే. కానీ పోయిన నెల రక్తపరీక్షకి వెళితే, అక్కడి పిల్ల నా చెయ్యి తిప్పి చూసి, గుడా అమ్మా ఇది అని అడిగింది. ఇల్లమ్మా అన్నాను. మరి గుమ్మమేదండీ అని నవ్వింది. ఆ ప్రశ్నకి జవాబు తెలిసి భయపడేవాళ్ళల్లో మిగిలింది నేనొక్కదాన్నే. ఆ పిల్లతో పాటు నేనూ నవ్వాను, సూది తీయగానే పైట చెయ్యి మీదికి లాక్కున్నాను.