విప్పని గోతం

చీమకుర్తి దాటాక మా షేర్ ఆటోని ఆపి ఒకాయన ఎక్కాడు. చేతిలో గొలుసు, ఆ గొలుసుకి పిట్‌బుల్ కుక్క. ఎదురు సీట్లో ఇద్దరూ గబగబా దిగిపోయారు. నేను దిగేలోపే ఆటో కదిలింది.

"ఆ జాతే అంతంట. పెంచినోళ్లనే చంపుద్దంట," అన్నాడు డ్రైవర్.

ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. కుక్క నా పాదం మీద తల పెట్టి పడుకుంది. దాని వెచ్చటి ఊపిరి నా కాళ్లకి తగులుతోంది. దానికీ నాకూ మధ్య అడ్డంగా ఉంటుందని, ఒళ్లో మడిచి పెట్టుకున్న ఖాళీ గోతాన్ని మోకాళ్ల మీద పరుచుకోబోయాను.

ఆయన చప్పున గోతాన్ని అదిమి పట్టుకున్నాడు.

"విప్పబాకమ్మా," అన్నాడు గుసగుసగా. "మిరపకాయల కళ్లంలో కాపలాకని పెంచాను దీన్ని. దొంగలు గోతాలతోనే వస్తారు గదా. పిల్లప్పుడు రోజూ దీని ముందు గోతం విప్పి దులిపి, దాంతోనే కొట్టేవాణ్ణి. గోతం విప్పినోడి మీద పడాలని."

"ఇప్పుడూ పడుతుందా?"

"మరిచిపోయిందో లేదో నాకు తెలవదమ్మా."

ఒంగోలు దాకా ఆయన ఆ మడత మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కుక్క మాత్రం హాయిగా నిద్రపోయింది.

ఆ గోతం ఇప్పటికీ మా అటక మీదే ఉంది. మడత విప్పలేదు.