తెలివైన మెషిన్ బేరానికి ప్లేనో, శాన్ రామన్

ఒక సోమవారం పొద్దున్నే మా కంపెనీ ఓనర్ గోర్డన్ నన్ను తన రూమ్‌కి పిలిచి, "వసుంధరా, మనం వెనకబడిపోతున్నాం" అన్నాడు. ముందురోజు గోల్ఫ్ ఆడుతుంటే ఎవరో చెప్పారట, వాళ్ళ ఫ్యాక్టరీలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పెట్టారని. అవి ఎనభైల మధ్య సంవత్సరాలు. న్యూజెర్సీలో మాది గ్లూ తయారుచేసే కంపెనీ. అట్టపెట్టెలకి, సీసాల లేబుళ్ళకి వాడే జిగురు. అక్కడ ల్యాబ్ నేను చూసేదాన్ని. "టెక్సాస్‌లో ప్లేనో అనే ఊళ్ళో ఒక కంపెనీ ఎక్స్‌పర్ట్ సిస్టం అమ్ముతోంది. వెళ్ళి చూసి రా. వాల్టర్ కూడా వస్తాడు" అన్నాడు.

వాల్టర్ మా ఫైనాన్స్ మేనేజర్. ఆయన పేరు వినగానే నాకు అనుమానం వేసింది. మెషిన్ ఎలా ఉందో చూడటానికి నేను చాలు. మెషిన్ వస్తే ఎవరిని తీసేయొచ్చో చూడటానికైతేనే వాల్టర్ కావాలి.

ఎక్స్‌పర్ట్ సిస్టం అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్తాను. అనుభవం ఉన్నవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళకి తెలిసిందంతా "ఇలా అయితే ఇలా చెయ్యి" అని కంప్యూటర్‌కి ఎక్కిస్తారు. తర్వాత అది ప్రశ్నలు అడుగుతుంది, మనం జవాబులిస్తే తప్పెక్కడుందో చెప్తుంది. మా దగ్గర జిగురు బ్యాచ్ చెడితే ఎందుకు చెడిందో కనిపెట్టేది ల్యాబ్‌లో వాళ్ళే. అంటే ఆ మెషిన్ సరిగ్గా మా కుర్చీలో కూర్చోవడానికి వస్తోందన్నమాట.

బుధవారం ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ నుంచి ప్రిన్స్‌టన్ జంక్షన్‌కి డ్రైవ్ చేసి, కార్ అక్కడ పార్క్ చేసి, ఏడున్నర ట్రైన్ ఎక్కాను. వాల్టర్ నాకంటే ముందే అక్కడే ఎక్కి కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. నువార్క్‌లో దిగి ఎయిర్‌పోర్ట్‌కి బస్సు. ఆ బస్సు తరచుగానే ఉంటుంది గాని సామాను పెట్టుకోవడానికి చోటుండదు, పెద్ద పెట్టెలు తీసుకెళ్ళకండి.

ఫ్లైట్‌లో నా పక్కన ఫొటోకాపీ మెషిన్లు అమ్మే పెద్దాయన కూర్చున్నాడు. ఎందుకు వెళ్తున్నామో చెప్తే నవ్వి, "డెమో చూస్తారా? నేను ముప్పై ఏళ్ళుగా డెమోలిస్తున్నానమ్మా. డెమోలో ఏ మెషినూ మొరాయించదు" అన్నాడు.

మధ్యాహ్నానికి డాలస్‌లో దిగాం. నేను రెస్ట్‌రూమ్ నుంచి వచ్చేసరికి వాల్టర్ పే ఫోన్ దగ్గర నిలబడి, నా వైపు వీపు పెట్టి మాట్లాడుతున్నాడు. "ఆవిడ వద్దనే అంటుంది గోర్డన్. ఆ సంగతి నాకిప్పుడే తెలుసు." నేను చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి, మళ్ళీ గట్టిగా అడుగులేసుకుంటూ వచ్చాను. ఆయన ఫోన్ పెట్టేసి, "కార్ తీసుకుందామా?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

ఆయన మోటెల్‌లో దిగాడు. నేను ప్లేనోలో నా కాలేజీ స్నేహితురాలు ఝాన్సీ ఇంట్లో ఉన్నాను. ఆ రాత్రి టెక్సాస్ ఉక్కకి దాని దోసెల పిండి పొంగి గిన్నె దాటి కౌంటర్ మీదకి కారింది. "ఇక్కడ పులియబెట్టడం కాదే, కాపలా కాయాలి" అని తుడుస్తూ విసుక్కుంది. అయినా పొద్దున్నే ఆ పుల్ల దోసెలే వేసి, నన్ను డెమోకి డ్రాప్ చేసింది.

డెమో గది చల్లగా, కొత్త కార్పెట్ వాసనతో ఉంది. అమ్మేవాడి పేరు గ్రెగ్. చెడిపోయిన బ్యాచ్‌లు మూడు తనే తీసుకొచ్చాడు, మూడింటికీ మెషిన్ చకచకా కారణం చెప్పింది. వాల్టర్ తలూపుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ప్రశ్నలు వాళ్ళవే, జవాబులూ వాళ్ళవే.

"నా దగ్గర ఒక బ్యాచ్ ఉంది. ప్రయత్నించనా?" అన్నాను.

గ్రెగ్ కుర్చీ ఇచ్చాడు. మెషిన్ అడిగింది, నేను ఝాన్సీ పిండిని తలుచుకుంటూ జవాబులు కొట్టాను. నీళ్ళతో చేసిందా? అవును. నురగ? ఉంది. వాసన? పులుపు. ఉంచిన చోట వేడిగా ఉందా? చాలా. మెషిన్ కాసేపు ఆలోచించి చెప్పింది: సూక్ష్మజీవులు చేరాయి, బ్యాచ్ పారబోయండి, ట్యాంకు మందుతో కడగండి.

నేను తెల్లబోయాను. పిచ్చి జవాబు వస్తుంది, పట్టుకుని నవ్వుదాం అనుకున్నాను. కారణం అక్షరాలా నిజం.

"అది మా టిఫిన్ పిండి. ఈ పొద్దున తిన్నాను" అన్నాను. గ్రెగ్ పకపకా నవ్వాడు. వాల్టర్ నవ్వలేదు. "అంటే ఏం జరిగిందో దానికి తెలుస్తుంది. అది మనకి కావలసిందో అక్కర్లేనిదో తెలియదు. అంతేనా?" అని అడిగాడు. గ్రెగ్ నవ్వు తగ్గించి, కాలిఫోర్నియాలో తమ పాత కస్టమర్ ఒకరున్నారు, వెళ్ళి చూడండి అన్నాడు.

ఆ సాయంత్రమే ఫ్లైట్ పట్టుకుని, శుక్రవారం పొద్దున్న శాన్ రామన్‌లో ఉన్నాం. అక్కడి జిగురు కంపెనీ మేనేజర్ లిండా కాఫీ ఇచ్చి, మేము అడక్కముందే చెప్పేసింది: "మీలాంటి వాళ్ళకి చూపిస్తే గ్రెగ్ వాళ్ళు మాకు సర్వీస్ ఫీజు తగ్గిస్తారు. అది మనసులో పెట్టుకుని వినండి." ఆ ప్రయాణంలో మొదటిసారి ఒక మనిషి మాట నమ్మాలనిపించింది.

"ముందు దీన్ని అన్నిటికంటే పెద్ద పని మీద పెట్టాం, పేపర్లో రాయించుకోవచ్చని" అంది లిండా. " బ్యాచ్‌లు ఎందుకు చెడుతున్నాయో చెప్పమన్నాం. దానికి రూల్స్ చెప్పినాయన రిటైరయ్యాడు. మేము ముడిసరుకు మార్చాం, రూల్స్ మారలేదు. అది మాత్రం పాత జవాబులే ధీమాగా చెప్తూ పోయింది. ఇప్పుడు దాన్ని ఒక్క పనికే వాడుతున్నాం. కస్టమర్ ఫోన్ చేస్తే ఏ జిగురు వాడాలో చెప్పడానికి. రోజూ వచ్చే పని, తప్పయితే మర్నాడే తెలుస్తుంది."

"ఆ తప్పు ఎవరు దిద్దుతారు?" అన్నాను.

"ల్యాబ్‌లో ఇద్దరు. వాళ్ళని తీసేసి ఉంటే ఇదీ పోయేది."

ఆ మాటకి నేను వాల్టర్ వైపు చూశాను. ఆయన నా వైపే చూస్తున్నాడు.

మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ ఇక ఆపుకోలేక అడిగేశాను. "డాలస్‌లో మీరు ఫోన్‌లో అన్నది విన్నాను."

ఆయన శాండ్‌విచ్ పక్కన పెట్టాడు. "విన్నావా. అబద్ధం చెప్పానా? ఏం చూస్తే నువ్వు కొందామంటావో చెప్పు, వసుంధరా. ఒక్కటి చెప్పు."

ఏం చూసినా వద్దనడానికే బయలుదేరాను నేను.

"పోనీ, ఏం చూస్తే మీరు వద్దంటారు?" అన్నాను.

"అది నేనూ ఆలోచించలేదు" అన్నాడు.

శనివారం తిరుగు ఫ్లైట్‌లో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, అప్పుడు ఆలోచించాం. చాలాచోట్ల వాదించుకున్నాం. చివరికి తేలిందేమిటంటే, పెద్ద సిస్టం వద్దు. కస్టమర్ ఫోన్లకి ఒక చిన్నది పెడదాం. దాన్ని దిద్దే మనిషి పేరు ముందే అనుకున్నాక గాని కొనొద్దు. ఏం జరిగితే ఆపేస్తామో కొనే రోజే చెప్పుకుందాం. గోర్డన్‌కి ఇది నచ్చదని ఇద్దరికీ తెలుసు. గోల్ఫ్‌లో గొప్పగా చెప్పుకోవడానికి ఇందులో ఏమీ లేదు.

ఇలాంటి బేరానికి వెళ్ళేవాళ్ళు మెషిన్ ఎంత తెలివైందో ఎక్కువసేపు చూడకండి. అది వస్తే ఎవరికి లాభం, రాకపోతే ఎవరికి లాభం, అది చూడండి. ఆ లెక్కలో మిమ్మల్ని మీరు కూడా కలుపుకోండి.

సాయంత్రం ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో దిగాక, "మనం అనుకున్నది ల్యాబ్‌లో వాళ్ళకి ఎవరు చెప్తారు?" అన్నాడు వాల్టర్.

"నేనే. ఇవాళ శనివారం షిఫ్ట్ ఉంది, ఇప్పుడే వెళ్తున్నాను. గోర్డన్ కంటే ముందు వాళ్ళకి తెలియాలి."

ఆయన తన కార్ తాళంచెవులు బయటికి తీశాడు, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "నేనూ వస్తాను. వాళ్ళు అడిగేవాటికి నేను కూడా జవాబు చెప్పాలి."

ఎందుకు వస్తున్నాడా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. నా కార్‌లో పక్క సీట్లో ఉన్న ఫైళ్ళు వెనక సీట్లోకి నెట్టి, ఆయనకి తలుపు తీశాను.