వానలదాకా ఆగమన్న మేస్త్రీ

ఈ ఉదయం మా గల్లీ బోరింగు దగ్గర బిందెలు వరుసగా ఉన్నాయి, మనుషులు లేరు. అందరూ ఎదురింటి ముందు నిలబడి ఉన్నారు. ఆ ఇంటి మేస్త్రీ చాచా తెల్లవారుజామున దవాఖానలో పోయారట.

నార్కట్‌పల్లిలో చిన్న చిన్న ఇళ్లు గుత్తకు పట్టి కట్టేవారు ఆయన. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఆరుగురు పనివాళ్లు ఏళ్ల తరబడి ఆయనతోనే ఉన్నారు. ఎండాకాలం మాత్రం కొత్త గోడ లేపేవారు కాదు. కట్టిన గోడను రోజూ తడపకపోతే పగులుతుంది. తడపాలంటే గల్లీ తాగే నీళ్లే కావాలి. ఆ నెలల్లో పాత ఇళ్లు విప్పి, పనికొచ్చే రాళ్లూ దూలాలూ ఏరి, మళ్లీ వాడేవారు. ఆ పని ఏటేటా తగ్గిపోయింది.

సడక్ అవతల కొత్త గుత్తేదారు నవ్వేవాడు. "చాచా, నువ్వు ఇండ్లు కడ్తున్నవా, ఎవుసం జేస్తున్నవా? ఎప్పుడు సూసినా మొగులు దిక్కే సూస్తవ్."

"ఎవుసమే అనుకో. నీ లెక్క గల్లీ గొంతు ఎండబెడ్తలేను గద."

తాపీలు, తట్టలు అన్నీ ఒకే బకెట్ నీళ్లలో కడిగి, ఆ నీళ్లు గోడకే కొట్టేవారు. నేను అరుగు మీద పుస్తకంతో కనిపిస్తే, "చదువు బిడ్డా, నా లెక్క గోడలతోని మాట్లాడకు" అనేవారు. నేను మనుషులతోనే సరిగా మాట్లాడేదాన్ని కాదు. ఆయనకది తెలుసు. జవాబు కోసం ఆగేవారు కాదు.

వానలు మొహం చాటేసిన ఏడు ఎండాకాలంలో, మా బాపు ఇల్లు కట్టించాలని ఆయన్ని పిలిచారు.

"వానలు పడేదాక ఆగుండ్రి సార్."

"ట్యాంకర్ తెప్పిస్త మేస్త్రీ, నీకేం ఫికర్?"

"ట్యాంకరోడు యాడికెల్లి తెస్తడు సార్? ఇంకో ఊరి బోరే గద." గొంతు తగ్గించారు. "సేతుల ఇంకో పని లేదు. వానలు పడంగనే మీ ఇల్లు మొదలువెడ్దమని ఒక్క మాటియ్యుండ్రి. మావోళ్లు ఆగుతరు."

ఆలోచిస్తానన్నారు బాపు. నేను తలుపు వెనకే ఉన్నాను. 'ఆగుదాం బాపూ' అన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

వారం తిరగకముందే ఆరుగురూ మూటలు కట్టుకున్నారు. వాళ్లలో పెద్దవాడు తల దించుకునే అన్నాడు: "ఏమనుకోకు చాచా. పోరగాండ్ల ఆకలి వానలదాక ఆగుతదా?"

"నేనేమంట బిడ్డా. తాపీలు మర్సిపోకుండ్రి, అవి మీయే."

వాళ్లను బస్సెక్కించి వచ్చి, వాళ్లు ఖాళీ చేసిన గుడిసెల ముందు తనే ఊడ్చారు. ఆ తర్వాత ఏ ఇల్లూ గుత్తకు పట్టలేదు.

మీలో ఎవరైనా ఆయన కట్టిన ఇంట్లో ఉంటే, ఈ రోజు గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. పగులు తగలదు.

మా ఇల్లు ఆ ఎండాకాలమే లేచింది. కట్టింది ఇంకొకరు. మిట్టమధ్యాహ్నాలు ట్యాంకర్ పైపు పట్టుకుని మా గోడలు తడిపిన కూలి మనిషి చాచాయే.