వాళ్ళ సీట్లో మా మనిషి

"నేను మీ వైపు వచ్చేశాను, ఎవరికీ చెప్పకండి" అని అవతలి ప్యానెల్ రమేష్ గారు ఫోన్‌లో అన్నారు. బట్టలు మడతపెడుతున్నాను. చేతిలో చంటిదాని సాక్స్ ఒకటుంది. రెండోది వెతకడం మానేసి అలాగే నిలబడిపోయాను. ఆ మాట అప్పుడే అందరిలో చెప్పేసి ఉంటే నాలుగేళ్ళుగా ఈ బరువు మోసేదాన్ని కాదు. చెప్పలేదు. వాడుకున్నాను.

మీకు నవ్వు రావచ్చు. మిషిగన్‌లో మా తెలుగు సంఘానికి పదిహేను మంది కౌన్సిల్. దానికి రెండు ప్యానెళ్ళు, వాటికి రెండు రంగుల టీషర్టులు. మాకు తొమ్మిది సీట్లు, వాళ్ళకి ఆరు. ప్రతి కమిటీలోనూ అదే పాళ్ళు ఉండాలని బైలాస్‌లో, అంటే సంఘం నియమాల్లో, ఉంది. అంటే ఐదుగురిలో ముగ్గురు మేము, ఇద్దరు వాళ్ళు. ఆ ఇద్దరి పేర్లు ఎప్పుడూ వాళ్ళనే అడిగి రాసేవారు. అడిగి తీరాలని మాత్రం ఎక్కడా రాసి లేదు.

సెక్రటరీని నేనే.

పద్మక్కది అవతలి ప్యానెల్. ఆరేళ్ళుగా పిల్లల తెలుగు క్లాస్ ఆవిడదే. ఎన్నికల్లో ఎదురు ప్రచారం చేసిందని మా ప్రెసిడెంట్ గారికి కోపం. కానీ టీచర్‌ని మార్చాలంటే స్కూల్ కమిటీలో నలుగురు ఒప్పుకోవాలి. "ఒక్క ఓటు తక్కువమ్మా" అని ఆయన నిట్టూర్చారు. అంతకుమించి ఏమీ అడగలేదు. నేనే వెళ్ళి, కొత్త స్కూల్ కమిటీ లిస్ట్‌లో వాళ్ళ ఇద్దరిలో ఒకరిగా రమేష్ గారి పేరు టైప్ చేశాను. కాగితం మీద ఆయన ఇంకా అవతలి మనిషే. మూడు, రెండు. చూడటానికి ఎంత న్యాయంగా ఉందో.

ఎందుకు చేశాను? ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాను. ఈ దేశంలో నన్ను నమ్మి ఎవరైనా అప్పజెప్పిన మొదటి పని అది. తెలివైనదని అనిపించుకోవాలనుకున్నాను. అంతేనా? అంతే. ఎన్నిసార్లు తవ్వినా ఇంతకన్నా పెద్ద కారణం దొరకదు, అదే నాకు ఒళ్ళుమంట.

లిస్ట్ పంపిన వారం అందరూ తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌లో పద్మక్క నన్ను పట్టుకుంది.

"ఏమ్మా, రమేష్‌ని మా తరఫున ఎవరు పెట్టమన్నరు?"

"లెక్క ప్రకారమే అక్కా. మీకు రెండు ఇచ్చాం కదా."

"లెక్క నాకూ వస్తది. మనిషి మావాడేనా అని అడుగుతున్న."

"మీ ప్యానెలే కదా అక్కా."

ఆవిడ నా ప్లేట్‌లో ఇంకో గారె వేసి, "తిను, పాలిచ్చే తల్లివి" అని వెళ్ళిపోయింది.

తర్వాతి నెల నాలుగు ఓట్లతో ఆవిడ క్లాస్ పోయింది. మరుసటి ఏడాది రమేష్ గారు మా రంగు టీషర్ట్ వేసుకొచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. పిల్లలు అడిగినప్పుడల్లా "ఆంటీకి కుదరక మానేసింది" అన్నాను.

నిన్న ఇండియన్ స్టోర్‌లో పద్మక్క కనబడింది. మా పెద్దదాని చేత బియ్యం బస్తా మీద పేరు చదివించి మురిసిపోయింది. తిరిగొస్తుంటే కార్‌లో పెద్దది, "మేము బోర్ కొట్టామా ఆంటీకి, అందుకే మానేసిందా?" అంది. రాత్రంతా కూర్చుని ఇక్కడి వరకు రాశాను.

పొద్దున పాలల్లో సీరియల్ వేసుకుని తింటుంటే ఇద్దరికీ చెప్పాను. "పద్మా ఆంటీ మానేయలేదు. ఉండకూడని పేరు ఒకటి రాసి, అమ్మే మానిపించింది."

చిన్నదానికి అర్థం కాలేదు. పెద్దది చెంచా ఆపేసి, "ఆంటీకి తెలుసా?" అంది.

"తెలిసే ఉంటుంది. నేను చెప్పగా వినలేదు, అంతే" అన్నాను.