ఎడమ పక్క నేనొక్కణ్ణే

మా హైస్కూలు హాకీ టీమ్ మూడేళ్లు వరుసగా మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి తిరుగు బస్సెక్కింది. నాలుగో ఏడు హెడ్మాస్టరు మా కోచ్‌ని పిలిచి, ఈసారి కూడా ఇంతే అయితే టీమ్ ఎత్తేస్తామని చెప్పేశారు.

కోచ్ అంటే జీతం తీసుకునే మనిషి కాదు. సోమందేపల్లెలో మోటారు సైకిళ్లు బాగుచేసేవాడు. కుర్రతనంలో మంచి ఆటగాడు. సాయంత్రం కాగానే అంగడి షట్టరు సగం దించి, గ్రీజు చేతులతోనే మా దగ్గరికి వచ్చేసేవాడు. మేమంతా ‘అన్నా’ అనేవాళ్లం. టీమ్ పోతే మేం క్రికెట్‌కు పోతాం. ఆయనకు ఆ సాయంత్రాలకు బదులు ఇంకొకటి లేదు.

మా గ్రౌండు గురించి చెప్పాలి. ఎర్రటి గరుసు నేల, గడ్డిపరక మొలవదు. పడమర ఎత్తు, తూర్పు పల్లం. గోల్ ఉత్తరం వైపు ఒక్కటే. దక్షిణం వైపు గోలు కొయ్యల్ని ఎవరో పెళ్లి పందిరికని అడిగి తీసుకుపోయారు. ఆ దంపతులకు పిల్లలు పుట్టి బడికి కూడా వచ్చారు గానీ కొయ్యలు రాలేదు. అందుకని ఏళ్ల తరబడి ఉత్తరానికే ఆడాం. బంతి తనంతట తాను కుడివైపుకు దొర్లేది, దాని వెనక మేమూ దొర్లేవాళ్లం. ఇప్పటికీ ఆ నేల మీద నడిస్తే నా కాళ్లు వాటంతటవే తూర్పుకు తిరుగుతాయి.

నేను లెఫ్ట్ వింగ్. పడమటి గట్టున నీళ్ల ట్యాంకు ఉండేది. సాయంత్రం దాని నీడ సరిగ్గా నా చోటున పడేది. బంతి ఎలాగూ రాదు, నేనెందుకు ఎండలోకి పోవాలి?

ఒకరోజు వేలు వాచి ఆట మానుకున్న మా గోల్‌కీపరు ట్యాంకు నిచ్చెన ఎక్కి ప్రాక్టీసంతా ఫోన్‌లో తీశాడు. అందరం మూగి చూశాం. తొమ్మిది మంది కుడి మూలన సంతలో గొర్రెల్లా తోసుకుంటున్నారు. ఇటువైపు నేనొక్కణ్ణే, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాను.

“ఈడొకడు కాపలా ఉండాడు చూడన్నా!” అని సెంటర్ హాఫ్ పగలబడి నవ్వాడు.

“ఏమప్పా, ఆడ ఏం చేస్తాండావు?” అన్నాడు అన్న.

స్టీలు సామాన్ల అంగట్లో పెరిగినవాణ్ణి. సొట్టపడిన చెంబును సొట్ట అటువైపు తిప్పి చూపించడం నాకు నాయన నేర్పకుండానే వచ్చింది. “అందరూ ఆ పక్కకే పోతాండారు గదన్నా. ఈ పక్క ఖాళీగా ఉంటే ఎదుటి జట్టోళ్లు ఇట్లనే వస్తారు. బంతి నాకిస్తే నేరుగా పోవచ్చని చెబుదామనుకుంటాండా” అన్నాను.

అంత చెత్త సరుకు అంత తొందరగా అమ్ముడుపోవడం నేనెప్పుడూ చూడలేదు. అన్న వీడియోను మళ్లీ వేశాడు, ఇంకోసారి వేశాడు.

“యా అల్లా! ఈడంటే వాలు ఉండాది. మ్యాచ్‌లల్లో చదును నేల మీద కూడా మనం ఇట్లే కుడికి పోయి సచ్చినాం గదరా!”

మరుసటి రోజు గ్రౌండు నడుమ పొడుగునా సున్నంతో గీత గీశాడు. ఎడమవైపు ముగ్గురం ఆ గీత దాటి కుడికి పోకూడదు. బంతి ఒక్కసారైనా ఎడమకు ఎక్కి రాకుండా వేసిన గోలు లెక్కలోకి రాదు. ఇక నేను పరిగెత్తాల్సి వచ్చింది.

“పది సార్లు గోల్ దాకా పోయి రా” అన్నాడు.

“ఆరు చాలన్నా.”

“పన్నెండు.”

“సరే, నీ మాటే కానీ, పది.”

“పదహైదు.”

బేరం అటువైపుకు కూడా నడుస్తుందని అప్పుడే తెలిసింది.

సెంటర్ హాఫ్ గట్టు మీదికి బంతి ఎక్కించాలంటే ఒళ్లంతా ఊపి కొట్టాలి. నెల రోజులు అలాగే కొట్టాడు. మడకశిరలో మొదటి మ్యాచ్ రోజు, పలక లాంటి నేల మీద, అదే ఊపుతో కొట్టాడు. బంతి నా ముందునుంచి దూసుకుపోయి పక్క గీత దాటి బయటికి పోయింది. రెండోసారీ అంతే.

“ఏం రా, బస్సు కోసం నిలబడినావా?” అని ఎదుటి జట్టు బ్యాక్ నన్ను ఆటపట్టించాడు.

గోళ్లు కొరుక్కుంటున్న అన్న బయటనుంచి సెంటర్ హాఫ్‌కు వినబడేలా అరిచాడు: “ఆడ గట్టు లేదు రా! సగం బలంతో కొట్టు!”

ఇంకా ఎవరూ గోలు వేయలేదు. ఆట ముగియబోతోంది. మావాళ్లు బంతిని కుడి మూలకే తీసుకుపోయారు. పాత కథే అనుకుని ఎదుటి జట్టువాళ్లంతా అక్కడికే మూగారు. అప్పుడు సెంటర్ హాఫ్ మెత్తగా ఇటు కొట్టాడు. కర్రను నేల మీద పడుకోబెట్టి ఆపాను. వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. ముందు మనిషే లేడు. గోల్ దగ్గరికి తోసేశాను, మా సెంటర్ ఫార్వర్డ్ లోపలికి నెట్టాడు. అదొక్కటే గోలు.

బస్సులో అన్న హెడ్మాస్టరుకు ఫోన్ చేశాడు. “గెలిచినాం సార్” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “అయితే టీమ్ ఉంటాది గదా సార్?” అని అడిగాడు. మేమంతా సీట్ల మీద మోకాళ్లేసి ఆయన ముఖమే చూస్తున్నాం. చాలాసేపు విన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

“రేపు పొద్దున్నే ఐదున్నరకు రావాల. ఎడమ పక్క ఇంగా శానా పని ఉండాది” అన్నాడు.

అందరూ కేకలు పెట్టారు. నేనూ పెట్టాను, పిక్కలు పట్టుకుని.