ఊపిరిని చూడమన్నాను

నిమ్‌పురా రైల్వే యార్డులో డ్యూటీ దిగి మా ఆయన సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చేవారు. ఆ రోజు సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. "పంచరైందేటండీ?" అన్నాను. "కాదు, ఊపిరందలేదు" అన్నారు.

ఎక్స్‌రే తీశారు, గొట్టంలో ఊదించారు, చివరికి హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ చేశారు. "ఫైబ్రోసిస్. లంగ్స్ గట్టిపడిపోతున్నాయి. మందులతో నెమ్మదిస్తుంది, నయం కాదు" అని డాక్టరు హిందీలో చెప్పారు.

ఏడుస్తూ కూర్చునే మనిషిని కాను నేను. దగ్గర్లోని తాల్‌బగీచాలో ఒక బెంగాలీ దీదీ తన ఇంట్లో బౌద్ధ ధ్యానం నేర్పుతారని విని వెళ్లాను. బాధను తోసెయ్యకుండా చూడమన్నారు, ఊపిరి వచ్చిపోవడం గమనించమన్నారు. నాకు మనసు తేలికపడింది. ఇంకేముంది, రోజూ పొద్దున్నే ఆయన్నీ కూర్చోబెట్టాను. కళ్లు తెరిస్తే కసిరాను. ఆయన మళ్లీ మూసుకునేవారు. నుదుట చెమట పడితే మందుల వేడి అనుకున్నాను.

రెండు నెలలకు ఇన్ఫెక్షన్ వచ్చి ఐసీయూలో పెట్టారు. ఆయనతో పాటు ఆక్సిజన్ మెషీనూ ఇంటికొచ్చింది. మర్నాడు మళ్లీ చాప వేశాను.

"కళ్లు మూస్తే ఊపిరొక్కటే అగుపడతంది. అదే కదా అందనిది. బయమేస్తంది" అన్నారు.

"మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటండీ?"

"నువ్వు కుదుటపడ్డావని కూసున్నాను."

అప్పటికప్పుడు దీదీ దగ్గరికి పరిగెత్తి చెప్పుకుని ఏడ్చాను.

"ఆయన పనేమిటి?" అని ఆవిడ అడిగారు. గూడ్సు బండి ఆగగానే చక్రాల ఇరుసు చివరుండే యాక్సిల్ బాక్సు మీద చెయ్యి పెట్టి వేడెక్కిందో లేదో చూడడం అని చెప్పాను. "అయితే ఊపిరి వదిలెయ్యి. ఆ చేతినే గమనించుకోమను" అన్నారు.

మర్నాటి నుంచి ఆయన గోడకానుకుని, నా చెయ్యి పట్టుకుని కూర్చునేవారు. కళ్లు తెరిచే. "నీది నార్మలే" అని వేళాకోళమాడేవారు. నాలుగు నెలలు అలా గడిచాయి. ఆఖరి ఉదయం కూడా అలాగే కూర్చున్నాం. ఆ చెయ్యి చల్లబడడం నాకే ముందు తెలిసింది.

ఏడాదైంది. ఇప్పటికీ రోజూ కూర్చుంటాను. ఇష్టమైనవన్నీ విడిచిపోయేవేనని తలుచుకుంటాను, ఏడుస్తాను, మళ్లీ తలుచుకుంటాను. బాధ పోలేదు. దానితో పోట్లాడడం తగ్గింది, అంతే.

జబ్బుమనిషిని ధ్యానానికి కూర్చోబెట్టేవాళ్లకు ఒక్క మాట. రెండు నిమిషాలు కాగానే ఆపి, ఎలా ఉందో అడగండి. నేను అడగలేదు. ఆయనకు మిగిలిన ఉదయాలే కొన్ని. అందులో రెండు నెలలు నేను ఆయన్ని భయంలో కూర్చోబెట్టాను.