కదలకుండా కూర్చున్న వాళ్ల సినిమా

పోయిన నెల కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు, సినిమా తీయడం గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్లాను. జైనూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన ఫోనులో తీసుకున్న చిన్న సినిమా చూపిస్తూ మధ్యలో ఆపి, "మేడం, గీడ మా అవ్వ కెమెరా దిక్కు చూసింది, గదొక్కటి తీసేస్త" అంది. తీసేశావంటే నేను ఊరుకోను అన్నాను. పిల్లలంతా నవ్వారు గానీ నేను నవ్వులాటకు అనలేదు. ఏడాదికి ఒక్కసారి ఫోటో దిగడమే గొప్పగా బతికిన నా ఈడు వాళ్లకైతే నా కోపం ఎందుకో అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మాది చొప్పదండికి దగ్గర్లోని పల్లె. మిషను చర్చికి వెళ్లే కుటుంబాలు ఒక వాడంతా ఉండేవి, మగవాళ్లు పొలం పనులకు పోతే ఆడవాళ్లు ఇంటి ముందు కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి బీడీలు చుట్టేవాళ్లు, మా అవ్వ కూడా అంతే, మా దిక్కు అమ్మను అవ్వ అనే అంటాం. మా సంఘంలో సినిమా హాలు గడప తొక్కడం తప్పు కిందే లెక్క. అయితే చర్చిలో గోడ మీద బైబిలు బొమ్మలు చూపించే యంత్రం ఒకటి ఉండేది, దాన్ని నడిపేది మా బాపు, చీకటి గదిలో ఆ వెలుగు దారిలో దుమ్ము తేలుతుంటే నేను బొమ్మలు మానేసి దుమ్మునే చూసేదాన్నట. అట్లా మొదలైన పిచ్చి డిగ్రీ అయ్యాక పట్నంలో సినిమా చదువు దాకా పట్టుకుపోయింది. సంఘం పెద్దలు బాపును పిలిచి, ఆడపిల్లకు గీ సినిమా సదువేందని నిలదీస్తే, ఎన్నడూ గొంతెత్తని మనిషి లేచి నిలబడి, "సదువు సదువే పెద్దయ్యా. పట్టా తెచ్చి మీ ముందల వెడ్తది, అప్పుడు మాట్లాడుండ్రి" అన్నాడు. ఆ మాట అన్నది ఆయన, నిలబెట్టవలసింది నేను.

పట్నంలో నాతో చదివిన వాళ్లకు సినిమాలు కంఠతా వచ్చు, ఏ హీరో ఎక్కడ తల తిప్పాడో కూడా చెప్పేవాళ్లు. నేను చూసిన సినిమాలు ఏమీ లేవు. మొదట్లో సిగ్గేసింది గానీ, మాస్టారు బొమ్మ ఆపి, ఈ షాటు ఇక్కడే ఎందుకు తెగింది, ఇంకొంచెం ఉంటే ఏమయ్యేది అని అడిగినప్పుడు, వాళ్లు కథ చెప్పేవాళ్లు, నేను కనబడింది చెప్పేదాన్ని, అలవాటు లేని కళ్లకు అన్నీ కొత్తగానే కనబడతాయి కదా. ఒక తలుపు, ఒక చెయ్యి, ఒక నీడ, వాటిని ఎంతసేపు చూపించారన్న దాంట్లోనే మనసు ఉంటుందని ఆయన నేర్పిన పాఠం ఒక్కటే ఈనాటికీ నా చేతిలో ఉన్న పనిముట్టు. ఆ క్లాసులో నాకంటే బాగా చూసేవాళ్లు లేరని అప్పుడే అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను, గర్వమంటే అనుకోండి.

చదువు చివర్లో ఎవరి సినిమా వాళ్లు తీసి పరీక్ష పెట్టే వాళ్లకు చూపించాలి. అప్పట్లో ఫిల్ము రీళ్లు కొలిచి ఇచ్చేవాళ్లు, అయిపోతే మళ్లీ ఇవ్వరు, సినిమా కుదరకపోతే పట్టా లేదు. నేను అవ్వ బీడీలు చుట్టడమే తీస్తానన్నాను. కెమెరాకు నా తోటి విద్యార్థి వచ్చాడు, సుల్తానాబాద్‌లో దుకాణాలున్న ముస్లింల అబ్బాయి, నన్ను అక్కా అనేవాడు. వెళ్లిన రోజు శబ్దాలు మాత్రమే తీసుకున్నాము. టేపు యంత్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కత్తెర ఆకు కోసే చప్పుడు, దారం తెగే చప్పుడు, కార్ఖానావాడు బీడీ కట్టలు బాగాలేవని తీసి పక్కన పడేస్తున్నాడని తిట్లు, మధ్యలో ఒక పాట, అన్నీ దాని ముందు హాయిగా సాగిపోయాయి.

తెల్లారి కెమెరా పెట్టేసరికి వాడ వాడంతా మారిపోయింది. ఏటా క్రిస్మస్ ఆరాధన కాగానే చర్చి మెట్ల మీద అందరూ కలిసి ఫోటో దిగడం మా ఆచారం, ఫోటోగ్రాఫరు ఊపిరి బిగబట్టమనేవాడు, కదిలితే ఆ ఏడు బొమ్మ పోయినట్టే. వాళ్లకు తెలిసిన కెమెరా అదొక్కటే. చాటలూ ఆకులూ లోపల దాచేశారు, వాకిళ్లు అలికారు, చర్చిలోంచి కుర్చీలు తెచ్చారు, ఆడవాళ్లంతా పండుగ చీరల్లో, తలకు నూనె పెట్టుకుని, పాపిట సూటిగా తీసుకుని వరసగా కూర్చున్నారు. రోజూ ఎట్లా ఉంటారో అట్లాగే ఉండమని బతిమాలాను. అవ్వ నన్ను వింతగా చూసి, "పనిజేస్కుంట ఎవ్వలన్న ఫోటో దిగుతరా బిడ్డా? జర మంచిగ గనవడొద్దా?" అంది. మేనత్తయితే, మన సంఘపోళ్లం సినిమాల గట్లనే గనవడితె మీ బాపు ఇజ్జత్ ఏం గావాలె అని నన్నే కసిరింది. సరే పోనీ అని కెమెరాలో రీలు తిప్పితే అందరూ ఒక్కసారి రాయిలాగా బిగుసుకుపోయారు. మళ్లీ తిప్పాము, మళ్లీ అంతే. ఒక రీలు పూర్తిగా పోయింది.

బాపు దూరంగా గోడకానుకుని చూస్తున్నాడు. కెమెరా అబ్బాయి నా చెవిలో, "ఫికర్ జెయ్యకు అక్కా, రేపు పనిల గూసున్నంక కిటికీల నుంచి దీద్దాం, ఎవ్వలకు తెల్వది" అన్నాడు. నిజమే, పట్టా వచ్చే దారి అదే. కానీ మా అవ్వ తనను చూడమని పండుగ చీర కట్టుకుని ఎదురుగా కూర్చుంటే, నేను దొంగలాగా కిటికీ వెనక నక్కి, ఆమె చూపించుకోదలచుకోని అవతారాన్ని తీసుకుపోనా? నా వల్ల కాదన్నాను. కుర్చీ ఒకటి వాకిట్లో వేయించి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, వాళ్లు కెమెరాలోకి చూస్తుండగా, ఫోటోకు పట్టే సమయం దాటిపోయినా ఆపకుండా తిప్పించాను. అవ్వ వంతు రాగానే ఆమె ఊపిరి బిగబట్టింది. చాలాసేపు ఆపుకుంది. ఇక ఆగలేక వదిలేసింది. కెమెరా ఆగగానే దిగులుగా, "ఊపిరి ఆగలే బిడ్డా, కరాబైందా?" అని అడిగింది.

పట్నం వచ్చి ఆ బొమ్మల కింద వాళ్ల పని చప్పుళ్లు అతికించాను. తెర మీద పండుగ చీరల్లో మనుషులు కదలకుండా మనల్ని చూస్తుంటారు, వెనక నుంచి కత్తెరల చప్పుడు, తిట్లు, పాట వినబడుతుంటాయి. పరీక్ష పెట్టిన వాళ్లలో ఒక పెద్దాయన, సినిమా అంటే కదలిక కదమ్మా, ఇందులో కదిలేదేముంది, ఇవి ఫోటోలు అన్నాడు. పట్టా చేయి జారిపోతున్నట్టే ఉంది. అవ్వ షాటు మళ్లీ వేయించి, మెడ దగ్గర కొంగు మడత చూడండి సార్ అన్నాను. అది అట్లాగే నిలిచి, నిలిచి, మెల్లగా కిందికి దిగి, మళ్లీ లేచింది. ఆయన ఇంకోసారి వేయమన్నాడు. తర్వాత నా పేరు పక్కన మార్కులు వేశాడు.

పట్టా తెచ్చి బాపు చేతిలో పెడితే ఆయన ఆదివారం ఆరాధనయ్యాక పెద్దల ముందు పెట్టి వచ్చి, భోజనానికి కూర్చున్నాడు. ఆ రోజు ఆయన అడిగి మరీ రెండోసారి పెట్టించుకుని తిన్న తీరు చూసి అవ్వ ముసిముసిగా నవ్వింది.

ఇప్పుడు కెమెరా అంటే ఎవరికీ జంకు లేదు, పండుగ చీర అక్కర్లేదు, ఫోను ఎత్తగానే పసిపిల్లలు కూడా చెయ్యూపుతారు. తీసేవాళ్లకు ఓపిక లేదు, చూసేవాళ్లకు అంతకన్నా లేదు, ఒక మనిషి ముఖాన్ని ఆ మనిషి ఊపిరి కనబడేంతసేపు చూడడం పోయింది. అది పోవడం నాకు నిజంగానే బాధ. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె నడిచిన బొమ్మ, నవ్విన బొమ్మ నా దగ్గర లేవు. ఆ ఒక్క షాటు మాత్రం కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను, చూడాలనిపించినప్పుడు తలుపు దగ్గరికి వేసుకుని చూస్తాను. ఆమె ఊపిరి బిగబట్టగానే నాకు తెలియకుండా నేనూ బిగబడతాను, ఆమె వదిలినప్పుడే వదులుతాను.